కదిలే ఇంటికి కదలని తలుపు!

ఇంటిని వెంటేసుకుని ఊళ్లు తిరగడమంటే చాలామంది అమెరికన్లకు మహా సరదా. వంటగది, పడకగది, స్నానాలగది అన్నీ ఉన్న చక్రాల ఇళ్లలో కొండలూ కోనలూ ఎడారులూ చుట్టేస్తారు. అంతటి ఇల్లూ ఒక్కోసారి అరచేతిలో పట్టే తాళం దగ్గర ఆగిపోతుంది. దాన్ని బాగుచేసే మనిషి దొరకడం అంత తేలిక కాదు మరి! ఆ తాళం కథ తెలుసుకోవాలంటే అరిజోనా ఎడారిలోని క్వార్ట్‌సైట్‌కీ, అక్కణ్నుంచి ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్‌కీ వెళ్లాలి.

ఎడారిలో ఏడు నెలల ఊరు

ఫీనిక్స్ నగరం నుంచి పడమటి దిక్కుగా ఇంటర్‌స్టేట్ 10 రహదారి పట్టుకుని దాదాపు 200 కిలోమీటర్లు వెళితే క్వార్ట్‌సైట్ వస్తుంది. ఇంకో 30 కిలోమీటర్లు దాటితే కొలరాడో నది, దాని అవతలి ఒడ్డు కాలిఫోర్నియా. ఊరి చుట్టూ గులకరాళ్ల నేల, అక్కడక్కడా నిలువెత్తు జెముడు చెట్లు, దూరంగా బోడికొండలు. 2020 జనాభా లెక్కల ప్రకారం ఊరి జనం 2,500 లోపే. వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. ఆ రోజుల్లో అటు పోతే కుక్క కూడా రోడ్డు మీద కనిపించదు.

అదే జనవరిలో చూడాలి! కనుచూపు మేర తెల్లటి బండ్లు. ఉత్తరాన మంచు కురిసే రాష్ట్రాల నుంచీ, కెనడా నుంచీ వెచ్చదనం వెతుక్కుంటూ వచ్చేస్తారు జనం. చలికాలంలో వలస వచ్చే పిట్టల్లాంటి వాళ్లు కాబట్టి వాళ్లకి ‘స్నోబర్డ్స్’ అని పేరు. ఊరి పక్కనే లా పోసా అనే మైదానం ఉంది. 11,000 ఎకరాలకు పైగా ఉన్న ఆ ప్రభుత్వ భూమిలో సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా రుసుము కట్టి బండి పెట్టుకోవచ్చు. 1983లో మొదలైన ఏర్పాటిది. కరెంటు తీగ ఉండదు, బండి బండికీ కుళాయి ఉండదు. కప్పు మీద సౌరఫలకాలు, కింద ట్యాంకులో నీళ్లు... అంతే. సాయంత్రమైతే బండ్ల ముందు కుర్చీలు వేసుకుని కబుర్లు, పొద్దున్నే రాళ్లూ రత్నాలూ పాత సామాన్లూ అమ్మే సంతలో షికార్లు.

సినిమా షూటింగుల దగ్గర హీరోల కోసం నిలబెట్టే క్యారవాన్ మనకు తెలిసిందే. అక్కడ ఆ తరహా బండ్లన్నిటినీ కలిపి ‘రిక్రియేషనల్ వెహికల్’ అంటారు. ముద్దుగా ఆర్వీ. ఇంజిన్‌తో సహా ఒకటే బండిగా ఉంటే మోటార్ హోమ్. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లేదైతే ట్రావెల్ ట్రెయిలర్. పికప్ ట్రక్కు వెనక భాగంలో కొక్కేనికి కూర్చోబెట్టే పెద్ద ఇల్లయితే ఫిఫ్త్ వీల్. పేరేదైనా లోపల పొయ్యి, ఫ్రిజ్, మంచం, సోఫా ఉండాల్సిందే. ఇందులో సెలవులకు మాత్రమే వచ్చేవాళ్లు కొందరైతే, ఉద్యోగం నుంచి రిటైరయ్యి సొంత ఇల్లు అమ్మేసి, ఏడాది పొడవునా బండిలోనే కాపురం చేసేవాళ్లు ఇంకొందరు. వాళ్లకు ఇదే ఇల్లు, ఇదే చిరునామా. అలాంటి ఇంటి తలుపు రాత్రిపూట గడియ పడకపోతే?

రోజూ భూకంపమే

మామూలు ఇంటి తలుపుకి పునాదీ గోడా దన్నుగా ఉంటాయి. ద్వారబంధం ఏళ్ల తరబడి కదలదు. ఆర్వీ సంగతి అలా కాదు. గంటకు వంద కిలోమీటర్ల వేగంతో గతుకుల మీద పరిగెడుతుంటే ఆ ఇంటికి రోజూ భూకంపమే! అందుకే బరువు తగ్గించేందుకు తలుపుని తేలిగ్గా చేస్తారు. చుట్టూ అల్యూమినియం చట్రం, మధ్యలో థర్మకోల్ లాంటి నురగ పలక, రెండువైపులా పల్చటి ఫైబర్‌గ్లాస్ రేకు. బయటికి తెరుచుకునే ఈ తలుపుకి లోపలివైపు ఇంకో దోమతెర తలుపు. రెండిటికీ కలిపి ఓ గడియ, దాని పైన ఓ బోల్టు.

బండి ఊగినప్పుడల్లా బందుల మరలు ఓ వెంట్రుకవాసి వదులవుతాయి. తలుపు చుట్టూ పూసిన సీలెంటు ఎండకి పగిలితే వాననీళ్లు లోపలికి దిగుతాయి. చట్రం వెనకున్న చెక్క నాని మెత్తబడిందా, ఇక మరకి పట్టు చిక్కదు. తలుపు ఓ మూల వాలిపోతుంది. గడియ వెళ్లి కూర్చోవాల్సిన రేకు ఓచోట, గడియ ఇంకోచోట! అప్పుడు మొదలవుతుంది అసలు తంతు. భుజంతో నెడితేగానీ పడదు, తన్నితేగానీ రాదు.

కొన్నిసార్లు తలుపు తప్పేమీ ఉండదు. బండిని ఎగుడుదిగుడు నేల మీద ఆపి, సమం చేయకుండానే మూలల్లో జాకీలు గట్టిగా బిగించేస్తే చట్రం మొత్తం మెలిపడుతుంది. చతురస్రంగా ఉండాల్సిన ద్వారబంధం కాస్త పక్కకి ఒరుగుతుంది. తలుపు పట్టేస్తుంది. జాకీలు వదులు చేసి, ముందు చక్రాల కింద చెక్కలు పెట్టి సమం చేస్తే మంత్రం వేసినట్టు పడుతుంది. ఈ చిన్న కిటుకు తెలియక తాళం మార్పించుకునేవాళ్లూ ఉంటారు.

గడియ సరిగా పడకపోవడమంటే చిరాకు ఒక్కటే కాదు, ప్రమాదం కూడా. రహదారి మీద పరుగు తీస్తుండగా గాలి తోపుకి తలుపు హఠాత్తుగా తెరుచుకుంటే పక్కన వెళ్లే వాహనాలకు ముప్పు. లోపల ఉన్నప్పుడు బిగుసుకుపోతే ఇంకా ప్రమాదం. గ్యాస్ పొయ్యి ఉన్న ఇరుకు ఇల్లు కదా! అందుకే ఆర్వీల్లో తలుపు కాక, బయటపడేందుకు ఇంకో అత్యవసర దారి ఉండాలని అక్కడి భద్రతా ప్రమాణాలు చెబుతాయి. మామూలుగా అది పడకగది కిటికీయే. ఎర్రరంగు పిడి లాగి తోస్తే మొత్తం తెరుచుకుంటుంది. అయితే ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోకపోతే దాని రబ్బరు కూడా అతుక్కుపోతుంది.

అటు కారూ కాదు, ఇటు ఇల్లూ కాదు

సరే, తలుపు చెడింది. ఎవర్ని పిలవాలి? ఇక్కడే ఆర్వీ యజమానికి తల ప్రాణం తోకకొస్తుంది.

కార్ల మెకానిక్‌ని అడిగితే, ‘ఇంజిన్ అయితే చూస్తాగానీ ఇంటి తలుపులు నావల్ల కాదు’ అంటాడు. వడ్రంగిని అడిగితే అల్యూమినియం చట్రం చూసి నమస్కారం పెడతాడు. తాళాలవాడు వస్తాడు. వచ్చి చూస్తే అది ఇంటి తాళమూ కాదు, కారు తాళమూ కాదు. సరిపోయే తాళంచెవి దిమ్మె అతని సంచిలో ఉండాలని లేదు. పోనీ బండి కొన్న డీలర్ దగ్గరికే వెళ్దామంటే ఆయన షెడ్డు 2,000 కిలోమీటర్ల అవతల ఉంటుంది. దగ్గర్లో ఉన్న డీలరేమో, తన దగ్గర కొన్నవాళ్ల బండ్లే ముందు చూస్తానంటాడు. వేసవి సీజన్లో అయితే వారాల తరబడి వాయిదా.

వారంటీ ఉంటే మాత్రం? అదో గొలుసుకట్టు. మోటార్ హోమ్‌లో ఇంజినూ కింది చట్రమూ ఒక కంపెనీవి. పైన ఇల్లు కట్టింది ఇంకో కంపెనీ. తలుపు చేసి ఇచ్చింది మూడో కంపెనీ. ఆ తలుపులో తాళం నాలుగోది. బండి కట్టినవాళ్లని అడిగితే తలుపు చేసినవాళ్లని అడగమంటారు. వాళ్లేమో డీలర్ ద్వారా రమ్మంటారు. డీలర్ ఫొటోలు తీసి పంపాలి, అవతలివాళ్లు సరేనని చెప్పాలి, ఆ తర్వాతే సరుకు బయల్దేరుతుంది. చాలా బండ్లకు ఇంటి భాగం మీద వారంటీ ఒక్క ఏడాదే. ఆ ఏడాదిలో కొన్ని నెలలు షెడ్డులోనే గడిచిపోతే అంతకన్నా ఉసూరుమనిపించేది ఏముంటుంది?

పోనీ తలుపు మొత్తం మార్చేద్దామంటే అదీ అంత సులువు కాదు. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి. కొలిస్తే పావు అంగుళం తేడా. మూలల గుండ్రందనం ఒకలా ఉండదు. బందులు కుడివైపా ఎడమవైపా, కిటికీ ఉందా లేదా, రంగేది... ఇవన్నీ కుదరాలి. బండి సీరియల్ నంబరు చెప్పి తెప్పించుకోవాల్సిందే. ఆ పొడుగాటి పెట్టె మామూలు కొరియర్‌లో పట్టదు. లారీలో రావాలి. వచ్చాక విప్పి చూస్తే ఓ మూల సొట్ట ఉంటే కథ మళ్లీ మొదటికి!

కారు షెడ్డులో ఉంటే ఆటోలో తిరగొచ్చు. ఇల్లే షెడ్డులో ఉంటే ఎక్కడ పడుకోవాలి? బండిలోనే కాపురముండే పెద్దవాళ్లకు ఇది మాటల్లో చెప్పలేని కష్టం. మందులు, బట్టలు, పెంపుడు కుక్క, మనవల ఫొటోలు అన్నీ సర్దుకుని హోటలుకి వెళ్లాలి. మరమ్మతు ఖర్చు కన్నా గది అద్దె ఎక్కువైపోతుంది. అందుకే చాలామంది తాడుతో కట్టుకునో, లోపల్నుంచి బెల్టు బిగించుకునో నెట్టుకొస్తుంటారు. ఏనుగు వెళ్లి తోక చిక్కడమంటే ఇదే.

పుట్టిల్లు ఎల్క్‌హార్ట్

ఇంతకీ ఈ తలుపులన్నీ ఎక్కణ్నుంచి వస్తాయి? క్వార్ట్‌సైట్ నుంచి ఈశాన్యంగా దాదాపు 3,000 కిలోమీటర్లు వెళితే ఆ పుట్టిల్లు కనిపిస్తుంది. షికాగోకి తూర్పున, మిషిగన్ రాష్ట్రం సరిహద్దుని ఆనుకుని ఉన్న ఎల్క్‌హార్ట్ కౌంటీ. సెయింట్ జోసెఫ్ నది, మొక్కజొన్న చేలు, వాటి మధ్యలో పొడవాటి రేకుల షెడ్లు. ఉత్తర అమెరికాలో తయారయ్యే ఆర్వీల్లో 80 శాతానికి పైగా ఈ కౌంటీ, దాని చుట్టుపక్కల నుంచే వస్తాయని చెబుతారు. ‘ప్రపంచ ఆర్వీ రాజధాని’ అన్న పేరు ఊరికే రాలేదు. అంతకుముందు ఈ ఊరు బ్యాండుమేళం వాయిద్యాలకు పేరు మోసింది. 1930ల నుంచి ట్రెయిలర్ల బాట పట్టింది.

పెద్ద రహదారి పక్కనే ఆర్వీ చరిత్రని చూపే మ్యూజియం ఉంది. 1913 నాటి ట్రెయిలర్‌తో మొదలుపెట్టి తరతరాల చక్రాల ఇళ్లని వరసగా నిలబెట్టారు. ఆ పాత బండ్ల తలుపులు చూస్తే ముచ్చటేస్తుంది. చెక్క తలుపు, ఇత్తడి పిడి. ఏ ఊరి వడ్రంగయినా బాగుచేయగల సరంజామా.

ఈ కర్మాగారాల్లో పనిచేసేవాళ్లలో ఆమిష్ వర్గం వాళ్లు చాలామంది ఉన్నారు. ఆధునిక సదుపాయాలకు దూరంగా బతికే క్రైస్తవ సమాజం వాళ్లది. సొంత కారు ఉండకూడదన్నది వాళ్ల కట్టుబాటు. పగలంతా మోటార్ హోమ్‌లు బిగించి, సాయంత్రం గుర్రబ్బండి మీదో సైకిలు మీదో ఇంటికెళ్లేవాళ్లు ఎల్క్‌హార్ట్ రోడ్ల మీద కనిపిస్తారు!

ఎంత పనిమంతులున్నా ఇక్కడ అంతా వేగం మీద నడిచే వ్యాపారం. పూర్తిచేసిన బండ్ల లెక్కన కూలి కట్టే పద్ధతి కొన్ని కర్మాగారాల్లో ఉంది. గిరాకీ కూడా ఓసారి వరద, ఓసారి కరవు. 2008-09 మాంద్యంలో ఎల్క్‌హార్ట్ విలవిల్లాడింది. ఉద్యోగాలు పోయిన జనాన్ని పలకరించడానికి 2009 ఫిబ్రవరిలో అధ్యక్షుడు ఒబామా స్వయంగా వచ్చారు. కరోనా కాలంలో అంతా తారుమారు. విమానాలూ హోటళ్లూ వద్దనుకున్న కుటుంబాలు ఆర్వీల మీద పడ్డాయి. 2021లో ఏకంగా 6,00,240 బండ్లు కర్మాగారాల గేటు దాటాయి. అదో రికార్డు. 2023కి వచ్చేసరికి ఆ సంఖ్య 3,13,174కి పడిపోయింది. కానీ అమ్ముడుపోయిన బండ్లు ఎక్కడికి పోతాయి? వాటి తలుపులు ఇప్పుడు ఒక్కొక్కటిగా మొరాయిస్తున్నాయి. బండి చేయడానికి రోజులు చాలు. బాగుచేసే మనిషిని తయారుచేయాలంటే ఏళ్లు పడుతుంది. ఆ కొరత తీర్చడానికే పరిశ్రమ వర్గాలు ఎల్క్‌హార్ట్‌లో మెకానిక్కుల శిక్షణ సంస్థని ఏర్పాటు చేశాయి.

ఊరందరికీ ఒకటే తాళంచెవి!

తలుపు సంగతి అలా ఉంటే, సామాన్ల అరల తాళాలది ఇంకో వింత. బండి బయటివైపు కింద వరసగా అరలుంటాయి. పనిముట్లు, నీటి గొట్టాలు, మడత కుర్చీలు వాటిలో పెడతారు. వాటికి వేసే చిన్న తాళాల్లో చాలావాటికి ‘సీహెచ్751’ అనే ఒకటే నంబరు తాళంచెవి. ఏళ్లుగా ఎన్నో కంపెనీలు ఇదే వాడుతూ వచ్చాయి. కొన్ని డాలర్లు పెడితే ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది. అంటే మీ అర తాళంచెవితో పక్కింటివాళ్ల అర తెరవొచ్చు. వాళ్లదానితో మీది!

ఇందులో మంచీ ఉంది, చెడూ ఉంది. తాళంచెవి పోగొట్టుకుంటే పక్కబండి పెద్దాయనని అడిగి పని కానిచ్చుకోవచ్చు. దొంగకి కూడా ఆ సౌకర్యమే! గుమ్మం తాళాలు ఇంత అధ్వానం కాకపోయినా, వాటిలోనూ పరిమితమైన తాళంచెవి నమూనాలే తిరుగుతుంటాయి. కాస్త ముందుచూపున్నవాళ్లు బండి కొనగానే చేసే పని అరల తాళాలు మార్చడం. స్క్రూడ్రైవరూ అరగంట ఓపికా ఉంటే చాలు.

ఈమధ్య అంకెలు నొక్కితే తెరుచుకునే తాళాలు వచ్చాయి. ట్రావెల్ ట్రెయిలర్ల తలుపుల్లో తాళానికి కోసే రంధ్రం చాలావాటికి 2.75 - 3.75 అంగుళాలే కాబట్టి పాతది తీసి కొత్తది బిగించడం సులువే. తాళంచెవి మోసే బాధ తప్పింది. కానీ లోపలున్న బ్యాటరీలు అయిపోతే? జేబులో అసలు తాళంచెవి ఉండాలి. అది కాస్తా బండి లోపలే ఉండిపోతే... గుమ్మం ముందే జాగారం!

ఎడారి వైద్యులు

మళ్లీ క్వార్ట్‌సైట్‌కి వస్తే, ఈ చిక్కులన్నిటికీ ఆ ఎడారే ఓ మందు కనిపెట్టింది. చలికాలంలో అక్కడ సంచార మెకానిక్కులు తిరుగుతుంటారు. వ్యాన్ నిండా మరలు, గడియలు, రబ్బరు పట్టీలు వేసుకుని బండి దగ్గరికే వస్తారు. ఇల్లు ఖాళీ చేయక్కర్లేదు, షెడ్డుకి తీసుకెళ్లక్కర్లేదు. వాళ్లు రావడానికి ముందే సగం వైద్యం ఇరుగుపొరుగు చేసేస్తారు. ఓ బండి తలుపు పడట్లేదని తెలిస్తే చాలు, నలుగురు పెద్దమనుషులు నాలుగు పనిముట్లతో చేరతారు. ఒకరు నీటిమట్టం పెట్టి బండి సమంగా ఉందో లేదో చూస్తారు. ఒకరు గడియ రేకు మరలు వదులు చేసి అంగుళంలో ఎనిమిదో వంతు జరుపుతారు. మెత్తబడిన చెక్కలో మర నిలబడకపోతే ఇంకాస్త పొడుగు మర వేస్తారు. తాళంలో నూనె పోయబోతే ఆపేస్తారు. ఎడారి దుమ్ము నూనెకి అతుక్కుని తాళం ఇంకా బిగుసుకుంటుంది మరి. గ్రాఫైట్ పొడి కొడితే గడియ టక్కున పడుతుంది.

ఈ ఊరి శ్మశానంలో ఓ సమాధి ఉంది. రాళ్లతో కట్టిన చిన్న పిరమిడ్, దాని కొసన రాగి ఒంటె. పందొమ్మిదో శతాబ్దంలో అమెరికా సైన్యం ఎడారుల్లో సామాన్లు మోయించడానికి ఒంటెల్ని దిగుమతి చేసుకుంది. వాటిని సముదాయించడం స్థానిక సైనికులకు రాదు కాబట్టి, తెలిసినవాళ్లని కూడా ఒంటెలతో పాటే రప్పించింది. అలా 1856లో వచ్చిన హాజీ అలీ పేరు అమెరికన్ల నోళ్లలో నలిగి ‘హై జాలీ’ అయింది. ఒంటెల ప్రయోగం ఆగిపోయినా ఆయన ఇక్కడే ఉండిపోయి 1902లో కన్నుమూశారు. 1935లో ఆయన సమాధి మీద ఈ స్మారకం కట్టారు. ఒంటెని తెచ్చేటప్పుడు దాని మంచిచెడ్డలు చూసే మనిషినీ వెంట తేవాలన్న ఇంగితం ఆనాటి సైన్యానికి ఉంది. లక్షల ఇళ్లని రోడ్డు మీదికి వదిలేవాళ్లకే అది ఇంకా పూర్తిగా రాలేదు.

మనవాళ్లు వెళ్లినప్పుడు

అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలకూ ఇప్పుడు ఆర్వీ కొత్తేమీ కాదు. వేసవిలో అమ్మానాన్నలు ఇక్కణ్నుంచి వెళ్లినప్పుడు, అందరూ కలిసి ఎల్లోస్టోన్‌కో గ్రాండ్ కేన్యన్‌కో వెళ్లడానికి అద్దెకి తీసుకునేవాళ్లున్నారు. వంటగది వెంటే ఉంటుంది కాబట్టి పెద్దవాళ్లకి పప్పన్నం, పిల్లలకి పెరుగన్నం ఎక్కడైనా రెడీ. బండి తీసుకునేటప్పుడు టీవీ, ఏసీ, మంచాలు చూసి మురిసిపోవడంతో పాటు తలుపు దగ్గర ఓ పది నిమిషాలు గడిపితే మంచిది.

గడియనీ పైబోల్టునీ లోపల్నుంచీ బయట్నుంచీ పదిసార్లు వేసి తీసి చూడాలి. ఆ సమయంలోనే ఫోనులో వీడియో తీసుకుంటే, తర్వాత ‘మీరే విరగ్గొట్టారు’ అనే మాట రాదు. రెండో తాళంచెవి అడిగి, డ్రైవింగ్ చేయని మనిషి దగ్గర ఉంచాలి. అంకెల తాళమైతే విడి బ్యాటరీలు కొనుక్కోవాలి. ఎర్ర పిడి కిటికీ ఎక్కడుందో, ఎలా తెరవాలో నాన్నమ్మతో సహా అందరికీ చూపించాలి. తలుపు నేలకి ఎత్తున ఉంటుంది, మెట్లు ఇరుకు. పెద్దవాళ్లు దిగేటప్పుడు ఆసరాగా తలుపుని పట్టుకోనివ్వకూడదు. పక్కనున్న కడ్డీనే పట్టుకోవాలి. మనిషి బరువంతా పడితే ఆ తేలికపాటి తలుపు బందులు వంగిపోతాయి. బయల్దేరే ముందు ఇంజిన్ స్టార్ట్ చేశాక కాదు, చేయకముందే ఒకరు దిగి బండి చుట్టూ తిరిగి అరలన్నీ వేశారో లేదో చూడాలి.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు మన పెద్దలు. చక్రాల మీద కట్టిన ఇల్లు వాళ్లు చూడలేదు గానీ, చూసుంటే ఆ వరసలో ‘తలుపు వేసి చూడు’ అని కూడా చేర్చేవాళ్లేమో!